యాసిడ్ బాత్ 1994 ఆల్బమ్: ఇంత నెమ్మదిగా ఉండి ఇంత బరువెలా?

మూడులాంతర్ల_కుర్రోడు
మాది విజయనగరం. ఇన్నాళ్లూ నాకు మెటల్ అంటే స్పీడే, డబుల్ బేస్ డ్రమ్స్ దడదడలాడకపోతే స్కిప్. మొన్న ఒక ఫ్రెండ్ యాసిడ్ బాత్ అనే ఈ అమెరికా లూసియానా బ్యాండ్ మొదటి ఆల్బమ్ 'వెన్ ద కైట్ స్ట్రింగ్ పాప్స్' పంపాడు. మొదటి పాట 'ద బ్లూ' దగ్గరే ఇరుక్కుపోయాను, దాన్నే తిప్పి తిప్పి వింటున్నా. రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) ఈడ్చుకుంటూ నడుస్తుంది, అరుపులు ఉన్నాయి, కానీ వాటి మధ్యలోంచే ఆ డాక్స్ రిగ్స్ చక్కగా శృతిలో పాడేస్తాడు. 'స్క్రీమ్ ఆఫ్ ద బటర్‌ఫ్లై' వస్తుంటే మా అక్క కూడా "ఇది బానే ఉందిరా, ఎవరిది?" అంది. తర్వాతి పాట మొదలవగానే తలుపు వేసేసింది, అది వేరే సంగతి.
ఈ బరువు ఎక్కణ్ణుంచి వస్తోంది? ట్యూనింగ్ వల్లేనా? ఇలాంటివి ఇంకేం వినాలి?

లావుతీగ
ట్యూనింగ్ సగమే తమ్ముడూ. తీగలు వదులు చేయడం బ్లాక్ సబ్బాత్ 1971లోనే చేశారు. వాళ్ల గిటారిస్ట్ టోనీ అయోమీకి ఫ్యాక్టరీలో వేళ్ల చివర్లు తెగిపోయాయి కదా, వదులు తీగైతే నొక్కడం తేలిక, అందుకని మూడు సెమిటోన్లు (స్వరస్థానాలు) కిందికి దింపాడు. గిటార్ లావు తీగ మామూలుగా 82 హెర్ట్జ్ పలికితే అది 69కి దిగుతుంది. ఫోన్ స్పీకర్లో అదేమీ వినపడదు, ముందు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టు.
మిగతా సగం ఖాళీ. ఒక దెబ్బ పడ్డాక రెండోది పడేదాకా ఆ గిటార్ మోతను అలా సాగనిస్తారు చూడు, మనకి ఊపిరాడనిది అక్కడే. దానికి తోడు హార్డ్‌కోర్ పంక్ కోపం, బ్లూస్ వంపులు. అమెరికా దక్షిణాది బ్యాండ్లలో సోల్ (ఆత్మ) అనేది ఆ వంపుల్లోనే ఉంటుంది, స్వరాన్ని నేరుగా కొట్టరు, కింద నుంచి లాగుతారు. మన శ్రీకాకుళం వైపు జముకుల కథ విన్నావా? జముకు తీగ బిగించి వదులుతుంటే స్వరం జారుతుంది చూడు, నా చెవికి ఆ రెండూ ఒక్కచోటే తగులుతాయి. మా గిటార్ మాస్టారు మాత్రం ఒప్పుకోరు.

ఉద్దానం_కొబ్బరి
యాసిడ్ బాత్ వాళ్ల ఊరు లూసియానాలోని హోమా. చిత్తడి నేలలు, రొయ్యల పడవలు, చమురు పనులు, ఏటా తుపాను భయం. 2018లో తిత్లీ మా తోటలు పడగొట్టాక నేను ఎక్కువగా విన్నది ఈ ఆల్బమే, అందుకే దీన్ని ఎవరైనా ఊరికే డార్క్ మ్యూజిక్ అంటే నాకు మండుతుంది. 'ద బోన్స్ ఆఫ్ బేబీ డాల్స్' రాత్రి లైట్లు తీసేసి విను బ్రో. ఎకూస్టిక్ పాటే గానీ మొత్తం ఆల్బమ్‌లో బరువైంది అదే.
రెండో ఆల్బమ్ 1996లో వచ్చింది. 1997 జనవరిలో తాగి నడిపిన డ్రైవర్ గుద్దేసి బేస్ వాయించే ఆడీ పిట్రే, వాళ్ల అమ్మానాన్న చనిపోయారు, బ్యాండ్ అక్కడే ఆగిపోయింది. గిటారిస్ట్ సామీ డ్యుయెట్ తర్వాత గోట్‌హోర్ అనే బ్యాండ్ పెట్టాడు, నీకు స్పీడ్ కావాలంటే అటు వెళ్లు.

చీకటి_క్యాసెట్
అందరూ పొగుడుతున్నారు, ఒక్కటి నేనూ అంటాను. ఆ కవర్ మీద విదూషకుడి బొమ్మ వేసింది జాన్ వేన్ గేసీ, 33 హత్యలు రుజువైనవాడు. షాక్ కోసం పెట్టారేమో గానీ నాకు నచ్చలేదు, పాటలు వింటాను, ఆ టీషర్ట్ మాత్రం వేసుకోను. గంట దాటిన ఆల్బమ్ కూడాను, చివర్లో ఒకట్రెండు పాటలు తీసేసినా నష్టం లేదు.
తర్వాత ఏం వినాలంటే క్రోబార్ బ్యాండ్ ఆల్బమ్ 'ఆడ్ ఫెలోస్ రెస్ట్' (1998). వాళ్ల సింగర్ కిర్క్ విండ్‌స్టీన్ గొంతులో ఏడుపు దాచుకోడు. ఆ తర్వాత డౌన్ బ్యాండ్ 'నోలా' (1995), అందులోనూ అతనే ఒక గిటార్. ఐహేట్‌గాడ్ బ్యాండ్‌తో మాత్రం మొదలెట్టకు, అక్క తలుపు కాదు, ఇల్లే మారిపోతుంది.

మూడులాంతర్ల_కుర్రోడు
హహ. క్రోబార్ డౌన్‌లోడ్ పెట్టా. @లావుతీగ అన్నా, మీరన్నట్టు హెడ్‌ఫోన్స్‌లో విన్నా, 'ద బ్లూ'లో బేస్ ఉందని ఇప్పుడే తెలిసింది 😅