వెండి కప్పుపై చెక్కిన సంవత్సరాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: నా దగ్గర ఇంగ్లండ్‌లో తయారైన పాత వెండి కప్పు ఒకటి ఉంది. అడుగున నడుస్తున్న సింహం, లంగరు, ఒక అక్షరం ముద్రలుగా ఉన్నాయి. ఆ అక్షరాన్ని పట్టికతో పోల్చితే 1886 అని తేలుతోంది. ముందువైపు మాత్రం పరుగు పందెం విజేత పేరు కింద 1891 అని చెక్కి ఉంది. ఈ తేడాను బట్టి చెక్కడాన్ని అనుమానించాలా? ఆ విజేత ఎవరో తెలుసుకొనే మార్గం ఉందా?

జవాబు 1: అనుమానించనక్కరలేదు. సింహం 1000కి 925 పాళ్లు వెండి ఉన్న స్టెర్లింగ్‌కు గుర్తు, లంగరు బర్మింగ్‌హామ్ పరీక్షా కేంద్రానిది. అక్షరం చెప్పేది వెండిని పరీక్షించిన ఏడే తప్ప పందెం జరిగిన ఏడు కాదు. పేరు లేని కప్పులను వెండి పనివారు ముందే చేసి దుకాణంలో ఉంచేవారు. పడవ పందేలలో ఇచ్చే అమెరికాస్ కప్పే చూడండి: గెరార్డ్ సంస్థ దానిని 1848లో తయారు చేసింది, 'అమెరికా' అనే పడవ దానిని గెలుచుకున్నది 1851లో. పందెం ఏడు ముద్ర కంటే ముందుదైతే అప్పుడు గట్టిగా ప్రశ్నించాలి.

జవాబు 2: ఒకే పేరు ఉంది కాబట్టి అది విజేతకే సొంతమైన కప్పు అయి ఉండవచ్చు. ఏటేటా చేతులు మారే ఛాలెంజ్ కప్పులను కూడా వరుసగా మూడుసార్లు గెలిచినవారికి ఇచ్చివేసే నియమం కొన్నిచోట్ల ఉండేది. వింబుల్డన్‌లో విలియం రెన్‌షా 1881 నుంచి 1886 వరకు ఆరేళ్లూ గెలిచి అలా రెండు కప్పులను సొంతం చేసుకోవడంతో, 1887లో తెచ్చిన కప్పు ఎన్నటికీ విజేత సొత్తు కాదని క్లబ్బు నిర్ణయించింది. (పాపం, ఖర్చు ఎవరిని భయపెట్టదు!) ఇక మీ విజేత సంగతి: డబ్బు కోసం పరుగెత్తినవారిని అమెచ్యూర్ పోటీలకు రానిచ్చేవారు కాదు, అక్కడ బహుమతులు కప్పులు, పతకాల వంటి వస్తువులే. అందువల్ల 1891 నాటి స్థానిక పత్రికలలోని అమెచ్యూర్ ఫలితాలతో వెతుకులాట మొదలుపెట్టండి.

జవాబు 3: దయచేసి వెతుకులాట ముగిసేవరకు పాలిష్ చేయకండి. రుద్దిన ప్రతిసారీ కొంత వెండి పోతుంది, సన్నని అక్షరాలు ముందుగా అరుగుతాయి. కప్పుపై నోటితో ఆవిరి ఊది, ఏటవాలు వెలుతురులో చూడండి. పాత పేరును గీకి కొత్తది చెక్కి ఉంటే, ఆ చోట రేకు పలచబడి ప్రతిబింబం వంకరగా కనిపించవచ్చు. నా దృష్టిలో ముద్రల కంటే ముందు చూడవలసింది అదే.