రెండు క్లాకుల మధ్య డేటా: హ్యాండ్‌షేక్ నత్తనడక, వేరే దారి ఉందా?

కొత్త_ఆర్‌టీఎల్
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో డిజైన్ ఉద్యోగంలో చేరి ఏడాదైంది. చిప్‌లో పంపే బ్లాక్ 200 మెగాహెర్ట్జ్, తీసుకునేది 125. రెండిటి పీఎల్‌ఎల్‌లు (క్లాక్ పుట్టించే సర్క్యూట్లు) వేరు, ఒకదానికొకటి సంబంధం లేదు. 32 బిట్ల వర్డ్‌లు, 120 చొప్పున బర్స్ట్‌లుగా, అంటే ఆగకుండా గుంపులుగా, వస్తాయి. నాలుగు దశల హ్యాండ్‌షేక్ (రిక్వెస్ట్ లేపడం, ఎక్‌నాలెడ్జ్ లేపడం, తర్వాత రెండూ దించడం) రాశాను. తప్పు లేకుండా నడుస్తోంది గానీ చాలా నెమ్మది. రివ్యూలో లీడ్ "ఒక్క వర్డ్‌కి ఇన్ని సైకిల్సా?" అన్నారు. హ్యాండ్‌షేక్ తీసేసి 32 బిట్లకీ రెండేసి సింక్ ఫ్లాపులు (అవతలి క్లాక్ ఎడ్జ్‌కి బిట్‌ని పట్టుకునేవి) పెట్టేస్తే సరిపోదా?

ఫ్లాప్_బాబాయ్
ఆ చివరి ముక్క మీ లీడ్ దగ్గర మాత్రం అనకు తమ్ముడూ. ఒక్కో తీగ పొడవు ఒక్కో రకం. బిట్లు మారుతుండగా అవతలి క్లాక్ ఎడ్జ్ పడిందనుకో, కొన్ని పాతవి దొరుకుతాయి, కొన్ని కొత్తవి. ఎవరూ పంపని నంబరు అవతల పుడుతుంది. రెండు ఫ్లాపులు చేసేది మెటాస్టెబిలిటీ నుంచి, అంటే ఫ్లాప్ 0కీ 1కీ మధ్య ఊగిసలాడే స్థితి నుంచి, తేరుకునే టైం ఇవ్వడం, అంతే. 32 బిట్లనీ ఒక్క మాట మీదకి తేవడం వాటి వల్ల కాదు.

నీ హ్యాండ్‌షేక్ ఎందుకు నెమ్మదో లెక్క కట్టి చూడు. రిక్వెస్ట్ అవతలికి చేరడానికి అవతలి క్లాక్‌లో 2-3 సైకిల్స్, అంటే 16-24 నానోసెకన్లు. ఎక్‌నాలెడ్జ్ ఇటు రావడానికి 10-15. నాలుగు దశలు కాబట్టి ఇదే తతంగం రెండుసార్లు. మొత్తం 52-78 నానోసెకన్లు, నీ వైపు 10 నుంచి 16 సైకిల్స్. రిక్వెస్ట్‌ని పైకీ కిందకీ తిప్పకుండా ప్రతి మార్పునీ ఒక కబురుగా తీసుకుంటే రెండు దశలే, టైం సగమవుతుంది. ఆర్టీసీ కండక్టర్ "రైట్ రైట్" అన్నాక మళ్లీ "రైట్ అనడం అయిపోయింది" అని చెప్పడు కదా. కాన్ఫిగరేషన్ రిజిస్టర్ లాంటివాటికి అది చాలు. బర్స్ట్‌లకి మాత్రం ఎసింక్ ఫిఫోనే: ఒక క్లాక్ మీద రాసి, ఇంకో క్లాక్ మీద అదే వరసలో చదువుకునే మెమరీ.

కొత్త_ఆర్‌టీఎల్
బాబాయ్, ఫిఫోలో కూడా పాయింటర్లు (ఎక్కడ రాస్తున్నాం, ఎక్కడ చదువుతున్నాం అనే నంబర్లు) అటూ ఇటూ దాటాలి కదా? అవీ ఒకటి కంటే ఎక్కువ బిట్లేగా?

ఫ్లాప్_బాబాయ్
అందుకే గ్రే కోడ్. మామూలు బైనరీలో 7 నుంచి 8కి వెళ్తే 0111 కాస్తా 1000 అవుతుంది, నాలుగు బిట్లూ తిరగబడతాయి. అవతలివాడికి 1111 కనిపించినా ఆశ్చర్యం లేదు. గ్రేలో అదే అడుగు 0100 నుంచి 1100, ఒక్క బిట్టే. ఆ క్షణంలో పట్టుకున్నా దొరికేది పాత విలువో కొత్త విలువో, మూడోది రాదు. డేటా మెమరీలో కదలకుండా కూర్చుంటుంది, దాటేది పాయింటరొక్కటే.

పాయింటర్ ఆలస్యంగా చేరుతుందని కంగారు పడకు. చోటున్నా కాసేపు ఫుల్ అని చూపిస్తుంది, డేటా ఉన్నా కాసేపు ఎంప్టీ అంటుంది. తప్పు ఎప్పుడూ మనకి నష్టం లేని వైపే.

లోతు: 120 వర్డ్‌లు రాయడానికి 600 నానోసెకన్లు. ఆలోపు అవతలివాడు 75 చదువుతాడు. మిగిలినవి 45, సింక్ ఆలస్యాలు కలిపితే 50 పైచిలుకు. 64 పెట్టు. లోతు 2కి ఘాతంగా (16, 32, 64 లాగా) ఉంటేనే మామూలు గ్రే చుట్టు తిరిగేటప్పుడు కూడా ఒక్క బిట్టే మారుతుంది. ఒకటి చూసుకో, బర్స్ట్‌కీ బర్స్ట్‌కీ మధ్య కనీసం 360 నానోసెకన్ల ఖాళీ ఉండాలి. లేకపోతే ఎంత లోతు పెట్టినా ఏదో ఒకరోజు నిండుతుంది.

రాత్రి_రిగ్రెషన్
బాబాయ్ గారు చెప్పింది నిజమే గానీ, గ్రే పెట్టేశాం కదా అని నిద్రపోకండి. నేను పాత చోట దెబ్బతిన్నాను, కంపెనీ పేరు వద్దు. ఫిఫో శుభ్రంగా ఉంది, సిమ్యులేషన్లన్నీ పాస్. చిప్ వచ్చాక కొన్ని బోర్డుల మీద మాత్రమే, అదీ ఎప్పుడో గంటకోసారి, ఒక వర్డ్ రెండుసార్లు వచ్చేది. మూడు వారాలు సాఫ్ట్‌వేర్ వాళ్లని తిట్టుకున్నాం.

చివరికి చూస్తే, పాయింటర్ దారులన్నిటికీ ఫాల్స్ పాత్ (ఈ దారి టైమింగ్ చూడొద్దని టూల్‌కి చెప్పడం) ఇచ్చేశాం. ఒక బిట్ తీగ మెమరీ మాక్రో (రెడీమేడ్ మెమరీ బ్లాక్) చుట్టూ తిరిగి వెళ్లింది. మిగతా బిట్లకంటే ఒక క్లాక్ పీరియడ్ పైనే వెనకబడింది. అంటే దారిలో ఒకేసారి రెండు బిట్లు మారుతున్నాయి, ఇక గ్రే పెట్టి ఏం లాభం? టైమింగ్ రిపోర్టులో చిన్న హెచ్చరిక కూడా లేదు. చూడొద్దని మనమే చెప్పాం, టూల్ చూడలేదు. అప్పట్నుంచీ ఫాల్స్ పాత్ బదులు మ్యాక్స్ డిలే (దారి ఆలస్యానికి గరిష్ఠ హద్దు) ఇస్తున్నాను, పంపే క్లాక్ పీరియడ్‌లోపు ఉండేలా. ఎఫ్‌పీజీఏ (తర్వాత ప్రోగ్రామ్ చేసుకునే చిప్) అయితే వివాడో టూల్‌లో బస్ స్క్యూ కన్‌స్ట్రెయింట్, అంటే బిట్ల మధ్య ఆలస్యం తేడాకి హద్దు, కూడా ఉంది.

ఇంకోటి: బైనరీ నుంచి గ్రేకి మార్చే ఎక్సార్ గేట్ల అవుట్‌పుట్‌ని సరాసరి అవతలికి పంపకండి. ముందు ఇవతలి క్లాక్ మీద ఒక ఫ్లాప్‌లో పట్టాలి. గేట్లు మారేటప్పుడు క్షణంపాటు వచ్చే తప్పుడు విలువని (గ్లిచ్) అవతలి ఫ్లాప్ నిజమనుకుంటుంది. మామూలు ఆర్‌టీఎల్ (డిజైన్ కోడ్) సిమ్యులేషన్‌లో ఈ జబ్బు కనపడదు, సీడీసీ లింట్ (క్లాకులు దాటే సిగ్నల్స్‌ని తనిఖీ చేసే టూల్) నడపాల్సిందే.

క్లాక్_లేనివాడు
మీరంతా క్లాకుల మధ్య వంతెనలు కడుతున్నారు. అసలు తీగల మీద క్లాకే లేకుండా పంపే పద్ధతి ఉంది. మాంచెస్టర్ యూనివర్సిటీలో స్టీవ్ ఫర్బర్ బృందం మెదడులోని నాడీకణాల పనిని అనుకరించడానికి చేసిన స్పిన్నేకర్ చిప్ చూడండి. ఒక్కో చిప్‌లో 18 ఆర్మ్ కోర్లు, వాటి మధ్య నెట్‌వర్క్ ఎసింక్రనస్, అంటే క్లాక్ లేనిది. అందులో నాకు బాగా నచ్చింది కోడింగ్. చిప్ లోపల ఆరు తీగల్లో మూడు పైకి లేస్తే ఒక నాలుగు బిట్ల గుర్తు, తర్వాత అన్నీ సున్నాకి దిగాలి. మూడు లేవడం, మూడు దిగడం, ఎక్‌నాలెడ్జ్‌కి రెండు: మొత్తం 8 మార్పులు. చిప్ నుంచి చిప్‌కి మాత్రం ఏడు తీగల్లో రెండు మారితే చాలు, సున్నాకి దిగక్కర్లేదు. ఎక్‌నాలెడ్జ్‌తో కలిపి 3 మార్పులే. బయటి తీగ ఒక్కసారి మారాలంటే కరెంట్ చాలా ఎక్కువ కాలుతుంది, అందుకే అక్కడ పిసినారితనం. లోపల తీగలు చవక, సున్నాకి దిగే పద్ధతికి లాజిక్ కూడా తేలిక.

ఫ్లాప్_బాబాయ్
చదవడానికి బాగుంది స్వామీ. మా ఫ్లోలో స్టాటిక్ టైమింగ్ టూల్‌కి క్లాక్ లేదంటే గుడ్లు తేలేస్తుంది. టెస్ట్ వాళ్లయితే స్కాన్ చైన్ (చిప్‌ని పరీక్షించడానికి ఫ్లాపుల్ని కలిపే గొలుసు) ఎక్కడ అని మీద పడతారు.

క్లాక్_లేనివాడు
ఒప్పుకుంటాను. అందుకే ఎక్కువమంది బ్లాకుల్ని క్లాక్ మీదే ఉంచి, మధ్య దారిని మాత్రం క్లాక్ లేకుండా చేస్తారు. స్పిన్నేకర్‌లో కోర్లకి క్లాక్ ఉంది.

కొత్త_ఆర్‌టీఎల్
64 లోతుతో ఫిఫో పెట్టాను, బర్స్ట్ మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. మ్యాక్స్ డిలే కూడా ఇచ్చానక్కా. ఒక వింత మాత్రం ఉంది. సాఫ్ట్‌వేర్ పంపే బ్లాక్‌ని ఒక్కదాన్నే రీసెట్ చేస్తే, అవతల పాత చెత్త డేటా పదుల కొద్దీ వచ్చిపడుతోంది.

రాత్రి_రిగ్రెషన్
రాసే పాయింటర్ సున్నాకి వెళ్లింది, చదివే పాయింటర్ ఉన్నచోటే ఉంది. ఆ తేడా అంతా డేటా ఉందనుకుంటోంది ఫిఫో. రీసెట్ రెండు వైపులా వెళ్లాలి. రీసెట్ పడటం ఎప్పుడైనా సరే, వదలడం మాత్రం ఎవరి క్లాక్‌కి వాళ్లు సింక్ చేసుకునే వదలాలి. రెండు వైపులా వదిలాకే రాయడం మొదలుపెట్టించు. నీ రీసెట్ బ్లాక్ కోడ్ ఇక్కడ పెట్టు, చూస్తాను.