‘పారీ పారనట్టు’: గెలుపు వైపు మాటా, ఓటమి వైపు మాటా?

అందరికీ నమస్కారం. నేను ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా రోల్ ప్లేయింగ్ గేమ్స్ రాస్తుంటాను. కంప్యూటర్ ఆటలు కావు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, “నేనిప్పుడు ఇలా చేస్తున్నాను” అని నోటితో చెప్పుకుంటూ కథ నడుపుకునే ఆటలు. ఒకరు మాత్రం ఏ ఒక్క పాత్రకూ కట్టుబడకుండా మిగతా లోకమంతా తామే అయి మాట్లాడతారు. ఎటు తేలుతుందో తెలియని చోట పాచికలు వేస్తారు.

ఈమధ్య రాసిన ఆటకి నియమాల పుస్తకం తెలుగులోనే రాశాను. అందులో ఒక మాట దగ్గర ఆడేవాళ్లకీ నాకూ కొన్నాళ్లుగా వాదన నడుస్తోంది. భాష తెలిసినవాళ్ల ముందు పెడదామని ఇక్కడికి తెచ్చాను.

సంగతి ఇదీ. ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కూడతాం. 10 గానీ ఆపైన గానీ వస్తే అనుకున్నది అనుకున్నట్టు జరుగుతుంది. 6 గానీ అంతకు తక్కువ గానీ వస్తే జరగదు. 7, 8, 9 వస్తే పని అవుతుంది, దాని వెంటే ఒక తలనొప్పీ వస్తుంది. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. విన్సెంట్ బేకర్ 2010లో ‘అపోకలిప్స్ వరల్డ్’ అనే ఆటలో వాడాడు, తర్వాత నాలాంటివాళ్లు చాలామంది అక్కడినుంచి తెచ్చుకున్నారు. మధ్య ఫలితాన్ని ఇంగ్లీషులో వీక్ హిట్ అనో పార్షియల్ సక్సెస్ అనో అంటుంటారు.

తెలుగులో మొదటిదానికి పేరు వెతుక్కోనక్కర్లేదు, ‘పాచిక పారింది’. 6 లోపు వచ్చినదానికి ‘పాచిక పారలేదు’. మధ్యదానికి ‘పాచిక పారీ పారనట్టు’ అని పెట్టాను. పెట్టిన రోజు తెగ మురిసిపోయాను కూడా.

తర్వాత ఒకచోట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. దొంగ పాత్ర తాళం తీయబోతే 8 పడింది. కథ నడిపే ఆయన పుస్తకం తిరగేసి, “పారీ పారనట్టు... అంటే తలుపు సగం తెరుచుకుంది” అన్నారు. సగం తెరిచిన తలుపుతో ఎవరికేం పని? దొంగ లోపలికీ పోలేడు, వెనక్కీ రాలేడు. ఆట అక్కడే కూలబడింది. నేను రాసేటప్పుడు అనుకున్నది వేరు. తలుపు బార్లా తెరుచుకోవాలి, దాని కిర్రు చప్పుడుకి కాపలావాడు లేచి కూర్చోవాలి. ఇంకో రెండు చోట్ల కూడా ఇదే తంతు చూశాక అనుమానం నా మాట మీదికే మళ్లింది. మీరేమంటారు?

ఒక సభ్యురాలు:
అనుమానం ఎందుకండీ, మాటే తప్పు. ‘చాలీచాలని జీతం’ అంటే జీతం చాలిందని ఎవరైనా అనుకుంటారా? ‘వచ్చీరాని ఇంగ్లీషు’, ‘తెలిసీ తెలియని వయసు’, ‘ఆరీ ఆరని బట్టలు’. అన్నింట్లోనూ ముందు అవుననీ వెనక కాదనీ ఉంటుంది, బరువు మాత్రం వెనకదాని మీదే. జీతం చాలదు, ఇంగ్లీషు రాదు, ఆ వయసుకి తెలియదు, బట్టలింకా తడిగానే ఉన్నాయి. అలాగే మీ పాచికా పారలేదు. ఆ కథ నడిపినాయన తెలుగు సరిగ్గానే చదివారు.

ఇంకొకరు:
అన్నీ అలా ఉండవు కదా. “తగిలీ తగలనట్టు తగిలింది” అంటాం. తగిలినట్టే లెక్క. దెబ్బ చిన్నది, అంతే.

సభ్యురాలు:
చివర్లో ‘తగిలింది’ అని మళ్లీ ఒక క్రియ తెచ్చారు చూశారా? తగిలిన సంగతి చెప్పేది అదీ. ‘తగిలీ తగలనట్టు’ చెప్పేది ఎలా తగిలిందో మాత్రమే. ఆ ‘తగిలింది’ తీసేసి “దెబ్బ తగిలీ తగలనట్టు ఉంది” అనండి, తగిలిందో లేదో ఎవరూ తేల్చలేరు. పుస్తకంలో ఆ చివరి క్రియ లేదు. ఉన్నా “పారీ పారనట్టు పారింది” అంటే అరకొరగా పారిందనే అర్థం. ఈయనకి కావలసింది పూర్తిగా పారడం, పైన ఇంకో గొడవ.

ఆట రాసినవాణ్ని:
అవును, అక్కడే దొరికిపోయాను. సగం నీళ్లున్న గ్లాసు కాదు నాకు కావలసింది, నిండు గ్లాసు తెచ్చేటప్పుడు కాలికి తగిలే గడప.

ఒక్క మాట మీద ఇంత రభస ఎందుకని ఒకరు నాకు విడిగా రాశారు. లెక్క చెబుతాను. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. వాటిలో 6 లోపు వచ్చేవి 15, 7 నుంచి 9 వరకు వచ్చేవి 15, 10 ఆపైన వచ్చేవి 6. మా ఆటలో పాత్రకి చేతనైన పనైతే మొత్తానికి 1 కలుపుతాం. అప్పుడు పారనివి 10కి తగ్గుతాయి, పారేవి 10కి పెరుగుతాయి, మధ్యవి 16 అవుతాయి. అంటే ఆ మనిషికి బాగా వచ్చిన పనుల్లోనే అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించేది ఈ మధ్య మాట. ఒక సాయంత్రంలో ఇరవై, ముప్పై సార్లు పలికే మాట ఓటమి వైపు ఒరిగిందంటే, ఆడేవాళ్లకి తమ దొంగ చేతగానివాడనే అనిపిస్తుంది. అలా అనిపించిందని ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు కూడా. నేనేమో నియమాల్లో తప్పుందేమోనని అంకెలు మారుస్తూ కూర్చున్నాను!

మరొకరు:
మధ్యలో ఒక సందేహం. పాచిక అంటే పొడుగ్గా, నాలుగు పక్కల చుక్కలుండేది కదా? ఆరు ముఖాలది డైస్. మీరు రెంటినీ కలిపేశారు.

ఆట రాసినవాణ్ని:
తెలిసే కలిపానండి. వస్తువు ఆకారం మారినా పేరు నిలబడటం కొత్తేమీ కాదు. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు చెప్పే సూక్తం ఉంది, 34వది. అందులోని అక్షాలు, అంటే జూదంలో వేసేవి, తానికాయలు. వాటికి ముఖాలే లేవు. తర్వాత ఎన్ని రకాల పాచికలు వచ్చినా అక్షం అన్న మాట వాటికీ సరిపోయింది. సంస్కృతంలోని పాశకం తెలుగులో పాచికైంది. ఆరు ముఖాలదాన్నీ, మా ఆటల్లో వాడే ఇరవై ముఖాలదాన్నీ కూడా అలా పిలిస్తే దానికొచ్చిన నష్టమేం లేదు.

సభ్యురాలు:
పాచిక సరే, దాని పక్కనున్న ‘పారు’ సంగతి చూడండి. నీరు పారుతుంది, పారుదల, పారిపోవడం, అన్నీ కదలికే. అయితే వాడుకలో ఈ నుడికారం ఎక్కువగా వినిపించేది ‘కాదు’తోనే. “నీ పాచికలు నా దగ్గర పారవు” అంటాం. పైగా అందులో పాచిక అంటే ఎత్తుగడ, ఎవరినో బోల్తా కొట్టించే పన్నాగం. శకుని నీడ ఇంకా పోలేదు దాని మీంచి. నిజాయితీపరుడైన వైద్యుడు మందు వేసి రోగం తగ్గిస్తే “ఆయన పాచిక పారింది” అంటామా?

ఆట రాసినవాణ్ని:
అనం. నా అదృష్టం, ఈ ఆటలో అందరూ దొంగలే. రాబోయే ఆటలో వైద్యురాలి పాత్ర ఉంది. అప్పుడు మళ్లీ మీ కాళ్లే పట్టుకోవాలి.

ఆడినవారొకరు:
మేం పుస్తకంలో మాట ఎప్పుడో వదిలేశామండి, రచయితగారు ఏమీ అనుకోవద్దు. మా బల్ల దగ్గర 7 నుంచి 9 వస్తే ‘మెలిక’ అంటాం. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. ఎనిమిది పడిందంటే చాలు, అందరూ ఒకేసారి “మెలికా!” అని కేకలు.

ఇంకొకరు:
‘తిరకాసు’ ఇంకా బాగుంటుందేమో? పలకడానికే సరదాగా ఉంది.

సభ్యురాలు:
సరదాగానే ఉంది. కానీ “ఇందులో ఏదో తిరకాసుంది” అన్నామంటే ఎవరో మనల్ని మోసం చేస్తున్నారని అనుమానం. కథ నడిపేవారి మీద ఆ అనుమానం రానిస్తే ఆట ఏం సాగుతుంది? ‘చిక్కు’ కూడా కుదరదు. దారం చిక్కుపడితే విప్పేదాకా పని ఆగిపోతుంది. మెలిక పడిన తాడుతో నీళ్లు తోడుకోవచ్చు, చేతికి కాస్త ఇబ్బంది, అంతే. మనుషుల విషయంలోనూ చూడండి. “ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు” అంటాం. ఒప్పుకోవడం పూర్తిగా జరిగింది, మెలిక దాని పైన వచ్చింది. ఈయన అడుగుతున్నది అచ్చంగా ఇదే కదా. ఆ బల్ల దగ్గరివాళ్లకి నా తరఫున ఒక దండం.

ఆట రాసినవాణ్ని:
ఏమీ అనుకోవడమా! చదివి కుర్చీలోంచి లేచాను. ఒక్క పేచీ ఉంది. ‘మెలిక పెట్టాడు’ అంటే పెట్టేవాడు ఒకడుండాలి. 8 పడిన ప్రతిసారీ “నువ్వే పెట్టావు” అని కథ నడిపేవారి మీద పడితే? కొత్తగా నడిపేవాళ్లకి అసలే టెన్షన్.

ఆడినవారొకరు:
మేం ‘పెట్టాడు’ అనమండి. “ఎనిమిది పడింది, మెలిక పడింది” అంటాం.

సభ్యురాలు:
‘పెట్టు’ బదులు ‘పడు’ వేయగానే చేసినవాడు మాయమయ్యాడు. గిన్నె పగలగొట్టాడు, గిన్నె పగిలింది లాగే. పైగా పాచికలూ పడేవే. ఒకే క్రియ రెండుసార్లు వచ్చి చెవికి ఎంత ఇంపుగా ఉందో.

ఆట రాసినవాణ్ని:
దీనివల్ల ఇంకో దారి కూడా కనిపిస్తోంది. మెలిక ఎవరి సొత్తూ కాకపోతే, అదేమిటో చెప్పే హక్కు పాచిక వేసినవారికే ఇవ్వచ్చు. “మెలిక పడింది, ఏమిటో నువ్వే చెప్పు” అని. ఒకసారి నడిపేవారు, ఒకసారి ఆడేవారు. ఇది నియమంగానే రాసేస్తాను. మాట కోసం వస్తే నియమం దొరికింది.

అలాగే ‘పారలేదు’ కూడా నన్ను ఇబ్బంది పెడుతోంది. పారలేదంటే ఏమీ జరగలేదని అర్థం చేసుకుంటున్నారు. మా ఆటలో 6 పడితే ఊరుకోకూడదు, కథ ఇంకో వైపు తిరగాలి. ‘వికటించింది’ అనుకున్నాను గానీ అది మందుల మాటలా తోస్తోంది.

ఇంకొకరు:
బెడిసికొట్టింది.

సభ్యురాలు:
ఇక వేరే మాట వెతకొద్దు. పారింది, మెలిక పడింది, బెడిసింది.

మరొకరు:
చివరగా ఒకటి అడుగుతాను. పుస్తకమంతా ‘కథ నడిపేవారు’ అని సాగదీశారు. చక్కగా ‘సూత్రధారి’ అనొచ్చుగా?

ఆట రాసినవాణ్ని:
నాటకంలో సూత్రధారుడు ప్రస్తావనలో కనిపించి తప్పుకుంటాడు. ఇక్కడ నడిపేవారు చివరిదాకా కూర్చోవాలి. ఇప్పుడైతే ఆ మాట వార్తల్లో ‘కుట్రకు సూత్రధారి’ అనే ఎక్కువగా వినిపిస్తోంది. సూత్రం అంటే దారం, దారం ఒకరి చేతిలో ఉందంటే మిగతావాళ్లు బొమ్మలనే కదా? ఇంగ్లీషువాళ్లకీ ఇది తేలలేదు లెండి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పుస్తకాల్లో రెఫరీ అని ఉంది. ‘డంజన్ మాస్టర్’ తర్వాత వచ్చింది. ఆపైన ఒక్కో ఆటకి ఒక్కో పేరు: కీపర్, స్టోరీటెల్లర్, ఎంసీ. నాకు ‘నడిపేవారు’ చాలు. పొడుగే, ఒప్పుకుంటాను.

ఇంకొకరు:
పాత పుస్తకం కొన్నవాళ్ల సంగతేంటండీ?

ఆట రాసినవాణ్ని:
ఒక పేజీ దిద్దుబాటు కాగితం చేసి అందరికీ ఉచితంగా పంపిస్తాను. సగం తెరిచిన తలుపుని “ఇలా చేయకండి” అనే ఉదాహరణగా వేద్దామనుకుంటున్నాను.

కొత్తగా వచ్చిన సభ్యుడు:
ఆ సగం తలుపు తెరిచింది నేనేనండి. మీరు వెళ్లిపోయాక ఏం జరిగిందో మీకు తెలియదు. దొంగ ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, ఆ సందులోంచి దూరాడు. దోచిన మూట మాత్రం బయటికి పట్టలేదు. ఆ మూట ఎలా తేవాలన్న దాని మీదే రెండు గంటలు ఆడాం. దాన్ని తప్పుల్లో వేయకండి.

ఆట రాసినవాణ్ని:
మూట పట్టలేదా! అయితే అది మెలికే. ఆ కాగితంలో మొదటి ఉదాహరణ అదే.