ఫైబర్ బోటు అడుగున పగులు: ఎపాక్సీ పెట్టాలా, పాలిస్టరా?

ఉప్పాడ_ఒడ్డు (మే 3, ఉదయం)
అందరికీ నమస్కారం. మాది 28 అడుగుల ఫైబర్ బోటు, కొని తొమ్మిదేళ్లయింది. ఇంజన్ కింద, అడుగు భాగంలో జానెడు పగులు వచ్చింది. చుట్టూ ఫైబర్ తెల్లగా పాలిపోయింది. వేళ్లతో తడితే గట్టిచోట టంగుమంటోంది, అక్కడ మాత్రం డొల్లగా మోగుతోంది. వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది, ఆలోపు పని అయిపోవాలి. మా మిస్త్రీ పాలిస్టర్ రెజిన్‌తో (ఆరితే గట్టిపడే జిగురు ద్రవం) రెండు మ్యాట్లు (గాజు దారాల పరుపులు) వేసి పైన పుట్టీ పెడతానంటున్నాడు. విశాఖలో ఉన్న మా బావ ఎపాక్సీ రెజిన్ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

కాకినాడ_మిస్త్రీ
పాలిస్టరే తమ్ముడూ. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నీ బోటు పుట్టిందే పాలిస్టర్‌తో, దానికి అతుకు కూడా అదే వెయ్యాలి. ఎపాక్సీ ఖరీదు మూడు నాలుగు రెట్లు. ఆరడానికి రోజంతా కావాలి. పాలిస్టర్ అయితే పొద్దున వేస్తే మధ్యాహ్నానికి గ్రైండర్ పెట్టొచ్చు.

రెజిన్_డబ్బా
మిస్త్రీ గారూ, ‘పుట్టిందే దానితో’ అన్న మాట దగ్గరే పొరపాటు. అచ్చులో బోటు పోసేటప్పుడు ఒక పొర పచ్చిగా ఉండగానే ఇంకో పొర వేస్తాం, అందుకని రెండూ ఒకటే ముద్ద అవుతాయి. తొమ్మిదేళ్ల కింద గట్టిపడిన పాలిస్టర్ మీద కొత్త పాలిస్టర్ అలా కలవదు. మనం గ్రైండర్‌తో గీసిన గీతల్లో పట్టుకుని ఉంటుంది, అంతే. పాత ఫైబర్‌ని ఎపాక్సీ అంతకంటే చాలా గట్టిగా పట్టుకుంటుంది. పైగా పాలిస్టర్ ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, ఎపాక్సీ కుంచించుకునేది చాలా తక్కువ. అతుకు అంచు లేవడం మొదలయ్యేది ఆ కుంచించుకునే దగ్గరే.

భీమిలి_వల
ఏది పెట్టినా కారు పుట్టీ మాత్రం పెట్టకండి. అందులో ఉండేది టాల్క్ పొడి. నీళ్ల కింద ఉంటే తడి పీల్చి ఉబ్బుతుంది.

కాకినాడ_మిస్త్రీ
రెజిన్ డబ్బా గారూ, ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. మన బజారులో దొరికే మ్యాట్‌లో దారాలని పట్టి ఉంచే పొడి ఉంటుంది. పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రవం తగిలితే అది కరిగి మ్యాట్ మెత్తబడుతుంది, మూల మీద కూడా చక్కగా కూర్చుంటుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు. మ్యాట్ అట్టలాగే ఉండిపోతుంది, కింద గాలి నిలుస్తుంది. దానికేం చెప్తారు?

రెజిన్_డబ్బా
ఎపాక్సీకి మ్యాట్ వాడొద్దు, నేసిన గుడ్డ వాడాలి. అది ఎపాక్సీ తప్పు కాదు, మీరు మ్యాట్ తప్ప ఇంకోటి కొనకపోవడం తప్పు.

కాకినాడ_మిస్త్రీ
సరే, గుడ్డే వేశాం అనుకోండి. పైన జెల్‌కోట్, అదే రంగు కలిపిన నున్నటి పై పొర, ఎలా వేస్తారు? ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ పట్టదు. పొరలా ఊడి వస్తుంది. నా కళ్లారా చూశాను.

రెజిన్_డబ్బా
ఎపాక్సీ ఆరాక పైన మైనంలాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని మంచినీళ్లతో, స్కాచ్‌బ్రైట్‌తో కడిగి, తర్వాత సాండ్‌పేపర్ కొట్టాలి. కడగకుండా సాండ్‌పేపర్ కొడితే జిడ్డు ఇంకా లోపలికి పోతుంది. మీరు చూసిన ఊడిపోవడం అదే అయి ఉంటుంది.

కాకినాడ_మిస్త్రీ
‘అయి ఉంటుంది’ అని మీరు అక్కడ కూర్చుని ఎలా చెప్తారు?

గిలకలదిండి_రేవు
నీళ్ల కింద భాగానికి జెల్‌కోట్ ఎందుకండీ? ఎపాక్సీ ప్రైమర్, పైన పెయింట్ చాలు. ఈ గొడవ మీదే పది పోస్టులు అయ్యాయి.

కాకినాడ_మిస్త్రీ
గొడవ కాదు, పని ముగింపు. రంగు తేడా వస్తే బోటు ఓనరు నన్నే అడుగుతాడు.

రెజిన్_డబ్బా
రంగు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెప్తున్నాను. 2019లో నిషేధం ఎత్తేసిన రెండో వారం. మా తమ్ముడి బోటుకి ఇలాగే అడుగున పాలిస్టర్ అతుకు వేశారు. పైన మెరిసిపోయేలా పుట్టీ, రంగు. ఒడ్డుకి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉండగా అతుకు అంచు లేచింది. నీళ్లు ఇంజన్ దాకా వచ్చాయి. నలుగురూ ఐస్ పెట్టెలు ఖాళీ చేసి వాటితోనే నీళ్లు తోడుకుంటూ వచ్చారు. ఒడ్డున లాగి చూస్తే అతుకు దోసెలా చేతికి వచ్చేసింది. వెనకవైపు నున్నగా, అద్దంలా ఉంది. పాత ఫైబర్ దారం ఒక్కటి కూడా దానికి అంటుకుని రాలేదు. అసలు పట్టుకోలేదన్నమాట. మీలాంటి మిస్త్రీల వల్ల మా అమ్మ ఆ రాత్రంతా ఒడ్డునే కూర్చుంది.

కాకినాడ_మిస్త్రీ
‘మీలాంటి’ అనకండి. ఆ బోటు నేను ముట్టుకోలేదు.
నాదీ చెప్తాను. మూడేళ్ల కింద ఒక ఓనరు ఎవరో చెప్పారని ఎపాక్సీ కావాలని పట్టుబట్టాడు. డబ్బాలు ఆయనే తెచ్చాడు. ఆగస్టు నెల, ముసురు. మా కుర్రాడికి పాలిస్టర్ అలవాటు. దాన్ని గట్టిపరిచే కేటలిస్ట్ నూటికి ఒకటి రెండు పాళ్లు, చలిగా ఉంటే కాస్త ఎక్కువ, ఎండగా ఉంటే కాస్త తక్కువ, ఇలా కంటి కొలతతో పోస్తాడు. ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనర్‌ని కూడా ‘త్వరగా ఆరుతుంది’ అని ఎక్కువ పోశాడు. వారం అయినా వేలు పెడితే అతుక్కుంటూనే ఉంది. మొత్తం చెక్కి, మళ్లీ నా డబ్బుతో చేశాను. ఆ ఓనరు పద్దెనిమిది వేలు ఎగ్గొట్టాడు. పైగా ఊరంతా ‘ఆ మిస్త్రీకి పని రాదు’ అని చెప్పుకొచ్చాడు. డబ్బా మీద రాసింది చదివినవాళ్లు సలహా ఇచ్చి వెళ్లిపోతారు. మాట పడేది గ్రైండర్ పట్టినవాడు.

రెజిన్_డబ్బా
ఎపాక్సీలో హార్డెనర్ పాళ్లు మార్చకూడదు. కంపెనీ ఎంత చెప్తే అంతే, కాటా పెట్టి తూచాలి. అది కూడా తెలియకుండా పని ఒప్పుకున్నది మీరే కదా? దానికి ఎపాక్సీని తిడితే ఎలా?

కాకినాడ_మిస్త్రీ
మీ తమ్ముడి అతుక్కి పాలిస్టర్‌ని తిట్టొచ్చు, నా అతుక్కి ఎపాక్సీని తిట్టకూడదు. బాగుందండీ న్యాయం.

వేదిక_నిర్వాహకుడు
ఇద్దరికీ మనవి. ప్రశ్న అడిగిన అబ్బాయి బోటు గురించి మాట్లాడండి.

గిలకలదిండి_రేవు
నాదొక్కటే ప్రశ్న, ఇద్దరికీ. ఆ రెండు బోట్లకీ పగులు చుట్టూ ఎంత వెడల్పు గ్రైండ్ చేశారు?

రెజిన్_డబ్బా
మా తమ్ముడి బోటుకి పగులు పక్కన రెండు వేళ్లు. నేను తర్వాత కొలిచాను.

కాకినాడ_మిస్త్రీ
నాది ఎపాక్సీ చేసినది మూడు వేళ్లు.

గిలకలదిండి_రేవు
అడుగు మందం 8 మిల్లీమీటర్లు అనుకుందాం. మందానికి పన్నెండు రెట్లు ఏటవాలుగా చెక్కాలి. అంటే ఒక్కో పక్క 96 మిల్లీమీటర్లు, దాదాపు నాలుగు అంగుళాలు. రెండు వేళ్ల వెడల్పులో ఏ రెజిన్ పోసినా పెద్ద అలకి నిలబడదు. ఎపాక్సీ బాగా పట్టుకుంటుందన్నది నిజమే. కానీ పట్టుకోవడానికి చోటు ఉండాలి కదా.

కాకినాడ_మిస్త్రీ
ఇప్పుడు మాట బయటికి వచ్చింది కాబట్టి నేనూ దాచను. నాలుగు అంగుళాలు చెక్కాలని నాకు తెలియక కాదు. అలా చెక్కాలంటే అడుగున పడుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, రెండు రోజులు గ్రైండర్ పట్టాలి. ఆ ఫైబర్ దుమ్ము చొక్కాలోకి దిగితే రాత్రి నిద్ర ఉండదు, ఒళ్లంతా గుచ్చుతుంది. ఓనరు అతుక్కి ఇంత అని లెక్క కడతాడు. గ్రైండింగుకి రోజు కూలీ అడిగితే పక్క మిస్త్రీ దగ్గరికి పోతాడు. వాడు రెండు వేళ్లు చెక్కి, పుట్టీ పెట్టి, రంగేసి ఇచ్చేస్తాడు. ఎపాక్సీకి నాలుగు రెట్లు డబ్బు పోస్తారు గానీ, నా రెండు రోజుల కూలీ దగ్గర బేరమాడతారు. నాకు మంటెక్కేది అక్కడ.

రెజిన్_డబ్బా
అది ముందే చెప్పి ఉంటే నేను ఇంత మాట అనేవాణ్ణి కాదు. కానీ ఒక్కటి. కూలీ చాలనప్పుడు పని ఒప్పుకోకూడదు, లేదా ‘ఇది సీజన్ వరకే, గ్యారంటీ లేదు’ అని ఓనరుకి మొహం మీదే చెప్పాలి. మా తమ్ముడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అంత దూరం వెళ్లేవాడు కాదు.

కాకినాడ_మిస్త్రీ
చెప్పాలి. ఒప్పుకుంటున్నాను.

భీమిలి_వల
మెకానిక్‌కి గంటల లెక్కన ఇస్తాం, ఫైబర్ మిస్త్రీకి అతుకు లెక్కన ఇస్తాం. మా నాన్న బోటుకీ అంతే.

ఉప్పాడ_ఒడ్డు (మే 5, రాత్రి)
అందరి మాటలూ చదివాను. మా మిస్త్రీని పిలిచి, గ్రైండింగుకి విడిగా రోజు కూలీ ఇస్తాను, ఎంత వెడల్పు కావాలంటే అంత చెక్కమన్నాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘అయితే మూడు రోజులు పడుతుంది’ అన్నాడు. ఇవాళ మొదలుపెట్టాం. ఒక పక్క మూడు అంగుళాలు చెక్కేసరికి లోపలి మ్యాట్ నల్లగా, తడిగా కనిపించింది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే నీటి బొట్టు బయటికి వచ్చింది, వెనిగర్ వాసన కొడుతోంది. దీని మీద ఏ రెజిన్ వెయ్యమంటారు?

రెజిన్_డబ్బా
ఇప్పుడే ఏదీ వద్దు. తడి మీద ఎపాక్సీ కూడా పట్టదు. ఆ నల్లటిదంతా గట్టి ఫైబర్ తగిలేదాకా తియ్యాలి. ఉప్పు పోయేలా మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టాలి. తర్వాత దాని మీద పాలిథీన్ కవరు పరిచి, నాలుగు వైపులా టేపు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున కవరు లోపలివైపు చెమట పట్టి ఉంటే ఇంకా ఆరలేదని అర్థం. ఆరాక మాత్రం ఎపాక్సీయే, నా మాట మారదు.

కాకినాడ_మిస్త్రీ
కవరు పరీక్ష మంచిది, చెయ్యి. లోపలివైపు నుంచి కూడా చూడు, ఇంజన్ బెడ్ కింద కర్ర ఉంటే అదీ నానిపోయి ఉంటుంది. ముందు దాని సంగతి తేల్చాలి. ఒకవేళ పాలిస్టరే వేస్తే త్వరగా ఆరడానికి కలిపే కోబాల్ట్ డబ్బా, కేటలిస్ట్ డబ్బా పక్కపక్కన పెట్టొద్దని మీ మిస్త్రీకి చెప్పు. ఆ రెండూ నేరుగా కలిస్తే అంటుకుంటాయి. నేను ఆదివారం పిఠాపురం వస్తున్నాను, సాయంత్రం అటు వచ్చి చూస్తాను. 36 నంబరు గ్రైండర్ డిస్కులు నాలుగు తెచ్చిపెట్టు.

ఉప్పాడ_ఒడ్డు
సరే అన్నా. ఇంజన్ రేపే పైకి లేపిస్తాను.