బావగారిని నొప్పించకుండా సృష్టి గురించి ఎలా అడగాలి?

మిర్చియార్డు లెక్కలు, గుంటూరు:

పోయిన నెలలో మా అత్తగారి జ్ఞాపకార్థ కూడిక విజయవాడ పటమటలో, మా బావగారింట్లో జరిగింది. ఆయన వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. దేవుణ్ణి నమ్మరు. అయినా తల్లి కోసం షామియానా వేయించింది, కుర్చీలు సర్దింది ఆయనే. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చినవారికి మంచినీళ్లు అందించారు.

భోజనాల దగ్గర మా అబ్బాయి డార్విన్ గురించి ఏదో అడిగాడు. ఆయన ఓపికగా చెప్పసాగారు. నేనే ఊరుకోలేకపోయాను. ఎప్పుడో ఒక వీడియోలో విన్న ప్రశ్న వదిలాను: "కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకు మిగిలాయి బావగారూ?"

ఆయన సాంబారు కలుపుకుంటూనే, "మీ పెదనాన్నగారి పిల్లలు ఉన్నారు కదమ్మా, అంతమాత్రాన నువ్వు లేకుండా పోయావా? తాత ఒక్కడే, ఇళ్లు రెండు" అన్నారు. బంతి అంతా నవ్వింది. మా అబ్బాయి కూడా.

నేను యార్డులో ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. టిక్కీ (మిర్చి బస్తా) విప్పితే పైన నిగనిగలాడే తేజ రకం కాయ, లోపలికి చెయ్యి పెడితే తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ. అలాంటి సరుకును రోజూ చూసే నేనే అలాంటి ప్రశ్న అడిగాను. పైకి ప్రశ్న, లోపల వెక్కిరింపు. ఆయనకు ఆ సంగతి తెలిసిపోయిందనే నా బాధ.

సృష్టికర్త ఉన్నాడన్న నా నమ్మకంలో తేడా లేదు. సండే స్కూల్లో పిల్లలకు అదే చెబుతాను. పేతురు మొదటి పత్రిక 3:15లో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న చోటే "సాత్వికముతోను భయముతోను" అని కూడా ఉంది. ఆ రెండో సగం ఎలాగో ఎవరైనా చెప్పండి.

పాత పలక, గుంటూరు:

అమ్మా, నేను లూథరన్ బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. లూకా సువార్త రెండో అధ్యాయంలో పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుంటాడు. వారి మాటలు ఆలకిస్తూ, ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడని రాశారు. ఆలకించడం ముందు, అడగడం తర్వాత. మీ బావగారు పాఠం చెబుతుంటే మీరు మధ్యలో దూరారు. వరుస తప్పింది.

రెండో మాట. జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్న పరీక్షలో అడిగే ప్రశ్న. నేను జీవితమంతా అవే అడిగాను, ఒక్క పిల్లవాడూ నన్ను అందుకు ప్రేమించలేదు. "మీరు ఏమని అనుకుంటున్నారు, ఆ నిర్ణయానికి ఎలా వచ్చారు" అని అడిగి, వచ్చిన జవాబును మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఆయన "అవును, అదే" అన్నాక మీ మాట ఎత్తండి. చాలా వాదనలు ఆ "అవును" దాకా కూడా పోవు.

బెంజి సర్కిల్ నడక, విజయవాడ:

నేను మీ బావగారి పక్షం. నమ్మకం లేనివాణ్ణి. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మా ఊళ్లో ఈ సంభాషణకు పాత అలవాటుంది. నాస్తికవాది గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు వచ్చింది. ఆయన కూడా వృక్షశాస్త్రం చెప్పినవారే. గాంధీగారి ఆశ్రమంలో ఉండి ఆయనతో దేవుడి గురించి మాట్లాడారు. ఇద్దరూ మారలేదు, ఇద్దరూ విడిపోలేదు.

మీరు భూమి వయసు మీద మాత్రం పోటీకి దిగకండి. 1956లో ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసం లోహాన్ని కొలిచి సుమారు 455 కోట్ల ఏళ్లని లెక్క తేల్చాడు. ఆ పద్ధతి ఏమిటో చదవకుండా "ఎవరు చూశారు?" అంటే నాలాంటివాడు అక్కడే చెవులు మూసుకుంటాడు.

నన్ను నిజంగా ఆపిన ప్రశ్న ఒకటుంది. నా క్రైస్తవ మిత్రుడొకడు ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ అడిగాడు: "ప్రకృతి ఎక్కడ చూసినా ఒకే నియమం ఎందుకు పాటిస్తుంది? పాటించకపోయినా అడిగేవాళ్లు లేరు కదా?" నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ. వాడు నవ్వలేదు, "అయితే దేవుడున్నట్టే కదా" అని వెంటనే పట్టుకోనూ లేదు. అందుకే ఆ ప్రశ్న ఇంకా నాతో ఉంది.

విశ్వం ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించిన శాస్త్రవేత్త లెమైత్ర్ క్యాథలిక్ ఫాదరీ కూడా. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి ఆధారంగా చూపితే లెమైత్ర్ సంతోషించలేదు. విజ్ఞానాన్ని తన విశ్వాసానికి సాక్షిగా బోనెక్కించడం ఆయనకు ఇష్టం లేదు.

వాక్యమే చాలు:

ఆరు దినాలంటే ఆరు దినాలే. ప్రశ్నల పేరుతో మెత్తబడటం ఎందుకు?

మిర్చియార్డు లెక్కలు:

అన్నా, నేను మెత్తబడింది మాటలో. నమ్మకంలో కాదు. ఆదికాండంలో దేవుడు ఆదామును మొదట అడిగింది "నీవు ఎక్కడ ఉన్నావు" అని. తెలియక అడిగాడా?

మిగతావారికి: నిన్న గోంగూర పచ్చడి పట్టుకుని పటమట వెళ్లాను. ముందుగా ఆ రోజు మాటకు క్షమించమన్నాను. ఆయన "ఏ మాట?" అన్నారు. మరచిపోలేదని నాకు తెలుసు.

తర్వాత బ్యారేజీ ప్రశ్న అడిగాను, అరువు ప్రశ్న అని చెప్పే అడిగాను. ఆయన పెరట్లోంచి నందివర్ధనం ఆకు తెంచి తెచ్చి, వెనకవైపు ఈనెలు చూపిస్తూ చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలియదమ్మా. తెలియదు అన్న చోట నేను ఆగగలను" అన్నారు. "నేను అక్కడ ఆగలేను బావగారూ, ఎవరికో కృతజ్ఞత చెప్పాలనిపిస్తుంది" అన్నాను. తల ఊపారు.

అప్పుడు ఆయన అడిగారు. "అమ్మ ఏడాదిన్నర మంచం మీద ఉంది. నువ్వే చేశావు అన్నీ. నీకు ఎప్పుడూ అడగాలనిపించలేదా, చేసినవాణ్ణి?"

అడిగానని చెప్పాను. జవాబు రాలేదని కూడా చెప్పాను. అది నేను మా సంఘంలో ఎవరితోనూ అనలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అబ్బాయిని తీసుకురమ్మన్నారు. ఆయన పాత మైక్రోస్కోపుకు కింది అద్దం పగిలింది. ఏలూరు రోడ్డులో ఎక్కడైనా దొరుకుతుందా, తెలిసినవారు చెప్పండి.