ఐదు రోజులూ ఆఫీసుకి రావాల్సిందేనా? మీరేమంటారు

ఉప్పల్‌వాసి:
మా కంపెనీ మళ్ళీ వారానికి ఐదు రోజులూ రావాల్సిందే అని మెయిల్ పెట్టింది. నేనుండేది ఉప్పల్, ఆఫీసు గచ్చిబౌలి. మెట్రో ఎక్కితే మారే పని లేకుండా రాయదుర్గం దాకా తీసుకెళ్తుంది, ఆ ఒక్కటీ సుఖం. అక్కడ లైను అయిపోతుంది, అసలు తిప్పలు దిగాకే, షేర్ ఆటో కోసం నిలబడి అందులో ఇరుక్కుని బయోడైవర్సిటీ జంక్షన్ దాటేసరికి సగం ఓపిక అయిపోతుంది. రానూపోనూ మూడు గంటలకి దగ్గర. ఇంతా చేసి అక్కడ చేసేదేంటంటే హెడ్‌సెట్ పెట్టుకుని పుణె టీమ్‌తో కాల్ మాట్లాడటం. అదేదో ఇంట్లో కూర్చుని మాట్లాడితే ఆ మూడు గంటలు నావి కదా? ఆ టైముకి జీతం కూడా ఎవరూ ఇవ్వట్లేదు.

టీమ్‌లీడ్_కూకట్‌పల్లి:
బ్రదర్, సీనియర్లకి ఇల్లే బెటర్, ఒప్పుకుంటా. ఫ్రెషర్ల సంగతేంటి? 2021లో మా దగ్గర చేరిన పిల్లలకి లాప్‌టాప్ కొరియర్‌లో వెళ్ళింది, మొహం చూడకుండానే నెలలు గడిచిపోయాయి. ఒకబ్బాయి చిన్న పర్మిషన్ ఎర్రర్ దగ్గర రెండు రోజులు ఆగిపోయాడు, అడిగితే ఏమనుకుంటారో అని మెసేజ్ టైప్ చేయడం, చెరిపేయడం. పక్క సీట్లో ఉంటే కుర్చీ ఇటు తిప్పి "అన్నా ఇది చూడవా" అనేవాడు, ఐదు నిమిషాల పని. వాళ్ళకి నేర్పేదెవరు?

భీమవరం_అమ్మాయి:
నేను వేరే మాట చెప్తా. పాప పుట్టాక నా ఉద్యోగం నిలబడిందంటే ఇంటి నుంచి పని వల్లే, అత్తయ్యగారు పాపని చూసుకుంటే నేను పై గదిలో కూర్చుని చేసుకునేదాన్ని. హైదరాబాద్‌లో అద్దె, పాపకి క్రెష్ ఫీజు, క్యాబ్ ఖర్చు లెక్కేస్తే నా జీతంలో మిగిలేది ఎంత? అలాగని అంతా హాయి అని కూడా అనను. ఇంట్లోనే ఉన్నావుగా అని గ్యాస్ బండ వచ్చినా నేనే, చుట్టాలొస్తే కాఫీ నేనే, మీటింగ్‌లో ఉన్నానంటే అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అయినా సరే ఆఫీసుకి రా లేదా మానెయ్ అంటే ముందు మానేసేది నాలాంటి ఆడవాళ్ళే.

లెక్కల_మాస్టారు:
పైన అమ్మాయి చెప్పినదానికి పరిశోధన కూడా ఉందమ్మా. చైనాలో ట్రిప్.కామ్ అనే ట్రావెల్ కంపెనీ 1,600 మందికి పైగా ఉద్యోగుల మీద ట్రయల్ చేసింది, కొందరికి ఐదు రోజులూ ఆఫీసు, మిగతావాళ్ళకి బుధ, శుక్రవారాలు ఇల్లు. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. ఇంటి నుంచి చేసినవాళ్ళలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పని రేటింగ్‌లో, ప్రమోషన్లలో తేడా కనపడలేదు. ఆ తగ్గడం కూడా ఎక్కువగా ఆడవాళ్ళలో, దూరం నుంచి వచ్చేవాళ్ళలో. కాకపోతే ఒకటి గమనించండి, అది వారానికి రెండు రోజులే, పూర్తిగా ఇల్లు కాదు.

మాదాపూర్_టిఫిన్స్:
మా నాన్నది ఇక్కడే టిఫిన్ సెంటర్. 2020లో ఆఫీసులు మూతపడితే చుట్టూ హాస్టళ్ళన్నీ ఖాళీ, గేటుగేటుకీ టులెట్ బోర్డు. మీ మూడు గంటలు మిగిలాయి, మా గల్లా పెట్టె ఖాళీ అయింది. మా గురించి కూడా అనుకోండి.

ఉప్పల్‌వాసి:
మీ కష్టం కాదనను తమ్ముడూ. కానీ ఇంట్లో ఉన్న రోజు నేను తినడం మానను కదా, అదే డబ్బు మా కాలనీ బండి దగ్గర ఖర్చవుతుంది, అక్కడా మీలాంటి కుటుంబమే ఉంది. ఇంకోటి, 2023 జూలై వానలకి సైబరాబాద్ పోలీసులే ఐటీ వాళ్ళని ఒక్కసారిగా రోడ్డెక్కొద్దు, దశలవారీగా లాగౌట్ అవ్వండి అన్నారు. అంత మందిని రోజూ ఒకే మూలకి లాగడం ఊరికి కూడా మంచిది కాదనేది నా మాట. అన్నా, ఫ్రెషర్ల విషయంలో మాత్రం మీరన్నది నిజమే, రెండు రోజులు నేనొస్తా, నేర్పుతా.

టీమ్‌లీడ్_కూకట్‌పల్లి:
రెండు రోజులు సరే, అయితే టీమంతా అవే రెండు రోజులు రావాలి. నువ్వు మంగళవారం, ఫ్రెషర్ గురువారం వస్తే ఇద్దరికీ పెట్రోలు దండగ. మా దగ్గర మంగళ, బుధ ఫిక్స్ చేద్దామని మేనేజర్‌ని అడుగుతున్నా, మీ దగ్గర ఎవరైనా ఇలా చేస్తుంటే ఏ రోజులు పెట్టారో, ఎలా ఒప్పించారో ఇక్కడ రాయండి.