పిగిలిపిట్ట గూటికి వల కట్టొచ్చా?

మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. పెరట్లో సన్నజాజి పందిరిలో పిగిలిపిట్టల జంట గూడు కట్టింది, తల మీద నల్ల కుచ్చు, తోక కింద ఎర్రమచ్చ ఉంటుందే, ఆ పిట్టే. లేత గులాబీ గుడ్లు, వాటి నిండా ముదురు చుక్కలు, మేడ మెట్ల మీంచే కనిపిస్తున్నాయి.

టెన్షన్ ఏంటంటే జెముడుకాకి ఒకటి రోజూ పొద్దున్నే గోడెక్కి పందిరి వైపే చూస్తోంది, అది గుడ్లూ పిల్లలూ రెండూ తింటుంది కదా. మా అత్తయ్యేమో జెముడుకాకి కనబడితే శుభం, తోలకూడదంటారు (ఎవరికి శుభమో మరి!). చుట్టూ చేపల వల కడదామంటే పెద్ద పిట్టలు అందులో చిక్కుకుంటాయేమో, లేక బెదిరిపోయి గూడే వదిలేస్తాయేమో అని ఆగాను. ముళ్లకంప అడ్డం పెడితే నయమా? పొదగడానికి రెండు వారాలే పడుతుంది కాబట్టి, తెలిసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి.